బోర్డులో మూడో బొక్క

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చెవి కొంచెం నా వైపు పెట్టండి, ఈ సంగతి గట్టిగా చెప్పడానికి నాకింకా గొంతు రాదు. కూర్చునే ముందు మీ పక్క గోడకున్న కరెంటు బోర్డును ఒక్కసారి చూడండి. కింద రెండు చిన్న బొక్కలు, పైన ఒక పెద్ద బొక్క. ఆ పై బొక్క సంగతే నేను చెప్పబోయేది. మా ఇంట్లో అది పాతికేళ్లకు పైగా నోరు తెరుచుకుని ఊరికే ఉంది. తర్వాత ఒక మధ్యాహ్నం పూట మా అత్తమ్మను బలి అడిగింది.

మా ఇల్లు జహీరాబాద్‌లో రైలు పట్టాలకు ఇవతల. మామయ్య కట్టించిన ఇల్లు. రెండు గదులు, ఒక వసారా, కింద అంతా షాబాదు బండలు. వాకిట్లో జామచెట్టు. ఆ చెట్టు నుంచి గోడ మేకు దాకా ఒక దండెం. తాడు కాదు, పచ్చ రంగు కరెంటు తీగ. నేను కాపురానికి వచ్చిన మర్నాడు నా తడి చీర ఆరేసింది దాని మీదే. ఎండకు రంగు వెలిసింది కానీ ఒక్కనాడూ తెగలేదు. ఎంత మంచి దండెమో అని వచ్చినవాళ్లకు చూపించేదాన్ని కూడా.

కంప్యూటర్ మా ఇంటికి వచ్చేసరికే పాతది. బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే మా ఆయన అక్కడి నుంచి తెచ్చాడు. అప్పుడు మా బిడ్డ ఏడో తరగతి. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. రోజూ చదువుకోవడం అయిపోగానే దాని ముందు కూర్చుని కార్ల పందెం ఆడేది. ఆట కొత్తది, పెట్టె పాతది. కారు మలుపు దగ్గరికి రాగానే తెర మీద అంతా బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి మా బిడ్డ కారు గోడకు గుద్దుకుని ఉండేది.

అత్తమ్మ పక్కన కూర్చుని ఆ ఆట చూసేది. ఆమెది ఝరాసంగం దిక్కు పల్లె. నోరు ఊరుకోదు.

"ఇదేం కారే! మా నాయిన ఎడ్లబండి దీనికంటే జోరుగ పోతుండె."

"నానమ్మా, కారు మంచిదే. డబ్బా ముసలిదైంది."

"ముసలిదంటే నా దిక్కు చూస్తవేందే? నేను మలుపు కాడ ఆగుతనా?"

ఆగేది. నిజానికి అత్తమ్మ గడప దగ్గర కూడా ఆగేది. రెండు మోకాళ్లూ పట్టేసేవి. మా దగ్గర ఎముకనూ బొక్క అంటారు, రంధ్రాన్నీ బొక్క అంటారు. అత్తమ్మకు బొక్కల నొప్పి. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటే మమ్మల్ని ముందు నుంచీ ఎగతాళి చేస్తున్నట్టు అనిపిస్తుంది.

మా బిడ్డ ఆ పెట్టెను వేగంగా చేయించాలని పట్టుపట్టింది. బజారులో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు, నెమ్మదస్తుడు. ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం. ఇంకో ర్యామ్ వేయాలన్నాడు, పాత డిస్కు తీసి ఎస్సెస్‌డీ పెట్టాలన్నాడు. ఆట బొమ్మలు తడబడకుండా రావాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాడు. ఆ కార్డు కరెంటు బాగా తింటుందట, పాత పవర్ సప్లై దాన్ని మోయలేదట, పెద్దది వేయాలట. ఆయన చెప్తుంటే మా బిడ్డ కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. నాకు అందులో సగం కూడా తలకెక్కలేదు.

పెద్ద సప్లైని చేతిలోకి తీసుకుని, దాని తీగ చివరనున్న మూడు పిన్నులను చూపిస్తూ భాయ్ నన్నడిగాడు.

"అక్కా, ఇంట్ల అర్తింగు ఉన్నది గద? భూమిలకు పొయ్యే తీగ. బోర్డు మూడు పిన్నులదేనా?"

అంత సేపట్లో నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే. రోజూ ఇస్త్రీపెట్టె పెట్టే బోర్డు, నాకు తెలియదా?

"మూడు బొక్కలున్నయ్ భాయ్. మంచి బోర్డు. మా మామ పెట్టించిండు."

"అట్లయితే ఫికర్ లేదక్కా."

ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఆ రెండిటి మధ్య మా ఇంటి మనిషి ప్రాణం ఉందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. జవాబు చెప్పానన్న సంబరంతో సంచీ పట్టుకుని ఇంటికొచ్చాను.

భాయ్ సామాను అంతా బిగించి పెట్టెను పంపించాడు. ఆ సాయంత్రం మా బిడ్డ కారు ఒక్క మలుపు దగ్గర కూడా ఆగలేదు. తెర మీద వాన చినుకులు కూడా విడివిడిగా కనిపించాయి. పెట్టె లోపల కొత్త ఫ్యాను తిరిగితే నీలంగా వెలుగొచ్చేది. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. ఆట మొదలైన ప్రతిసారీ వసారాలో బల్బు మాత్రం ఒక్క క్షణం సన్నబడేది. ఎవరో దాని ముందు నుంచి నడిచి పోయినట్టు.

మొదట తెలుసుకున్నది పిల్లి. మా ఇంటి బూడిద రంగు పిల్లి పాత పెట్టె వెనకాల వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకునేది. కొత్తవన్నీ బిగించిన రెండో రోజు అది అలవాటుగా వచ్చి ముక్కు ఆనించింది. అంత ఎత్తు ఎగిరి బయటికి ఉరికింది. మళ్లీ ఆ గది గడప తొక్కలేదు. పాల గిన్నె ఆ గదిలో పెట్టి పిలిచినా గడప అవతలే కూర్చుని పెట్టె వైపు చూసేది.

"పిల్లికి దిష్టి తగిలినట్టున్నది" అని అత్తమ్మ ఉప్పు తిప్పి పారేసింది.

తర్వాత నాకు తెలిసింది. ఊడుస్తూ ఊడుస్తూ మోచెయ్యి పెట్టె అంచుకు ఆనింది. జిల్లుమంది. చీమలు బారుగా చర్మం కింద నడిచినట్టు. మా బిడ్డకు చెప్పాను.

"పెద్ద సప్లై గదమ్మా, జర గట్లనే ఉంటదట. చెప్పులేసుకో, ఏం కాదు."

మా ఇంట్లో గడప లోపల చెప్పులు ఎన్నడూ లేవు. అత్తమ్మ ఒప్పుకునేది కాదు. ఆ పెట్టె కోసం ఆ నియమం పోయింది. గది బయట మూడు జతల రబ్బరు చెప్పులు వచ్చి చేరాయి. మా ఆయనకు, నాకు, బిడ్డకు. అత్తమ్మకు లేవు. "నా ఇంట్ల నేను చెప్పులేసుకొని తిరుగుతనా?" అంది. ఉత్త కాళ్లతోనే లోపలికి పోయేది. ఆ మూడు జతలు ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తాయి, నాలుగో జత లేకుండా.

కొన్ని రోజులకు ఒక వింత జరిగింది. అత్తమ్మ నడక మారింది. గడప దగ్గర ఆగడం లేదు. మొగుడంపల్లిలో పెళ్లికి పోతే ఆటో ఎక్కడానికి నా భుజం పట్టుకోలేదు. కింద కూర్చుని వాకిట్లో గడ్డి పీకింది. ఏ మందూ వాడటం లేదు. నేను కనిపెడుతూ వచ్చాను.

ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి తొంగి చూస్తే, మా బిడ్డ చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతోంది. అత్తమ్మ కింద కూర్చుని, చీర మోకాలి పైకి జరిపి, ఆ మోకాలిని పెట్టె పక్క రేకుకు ఆనించి కళ్లు మూసుకుంది. మూలుగు లేదు. ఎంతో సుఖంగా ఉన్నట్టు మొహం.

"అత్తమ్మా! ఏం చేస్తున్నవ్?"

ఉలిక్కిపడింది. నన్ను చూసి చీర దించుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

"జర నెమ్మదిగ మాట్లాడు పిల్లా. నా పెండ్లయిన కొత్తల జాతరకు ఒకడొచ్చేటోడు. వాని కాడ ఒక పెట్టె. చెయ్యితోటి తిప్పితే కరెంటు పుట్టేది. రెండు ఇత్తడి కడ్డీలు పట్టుకుంటే ఒళ్లంత జిల్లున పాకేది. నడుము పట్టేసినోళ్లు లేచి నడిసేటోళ్లు. వాడు మళ్ల రానే లేదు. ఇన్నేండ్లకు వాని పెట్టె మనింటికే వచ్చింది."

"ఇది అది కాదత్తమ్మా."

"అదే. నా బొక్కలకు తెల్వదా?"

నేనేం చేయాలి చెప్పండి? వద్దని చేయి పట్టి లేపవలసింది. మా ఆయనతో చెప్పవలసింది. కానీ ఆమె నడవడం నా కళ్లతో చూశాను. రాత్రి మూలుగు లేకుండా నిద్రపోవడం విన్నాను. అందుకని నేను చేసింది ఏమిటంటే, వంటింట్లో నుంచి చెక్క పీట తెచ్చి ఆమె కింద వేశాను. బండ చల్లగా ఉంటుంది, బొక్కలకు మంచిది కాదని. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఆమె రెండు కాళ్లూ పీట మీదికే ముడుచుకుని, మోకాలు ఒక్కటి పెట్టెకు ఆనించి కూర్చునేది.

మా బిడ్డకూ తెలిసిపోయింది. దానికది పెద్ద తమాషా.

"నానమ్మా, చార్జింగ్ అయ్యిందా?"

"ఇంక రెండు గీతలు రావాలె. నువ్వు ఆడు."

ముగ్గురం నవ్వుకునేవాళ్లం. మా ఆయనకు తెలియనివ్వలేదు. ఆయన కంపెనీలో షిఫ్టుకు పోగానే అత్తమ్మ పీట ఎక్కేది. ఆట జోరందుకుంటే జిల్లు కూడా పెరుగుతుందని చెప్పేది. "ఇయ్యాల గట్టిగ ఆడు బిడ్డా, ఎడమ మోకాలు సలుపుతున్నది" అనేది. ఒకనాడు పెట్టె వెనకాల ఊడుస్తుంటే ఎండిపోయిన బల్లి దొరికింది, కాళ్లు నాలుగూ చాపుకుని. చేటలో ఎత్తి పారేశాను. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

వానాకాలం మొదట్లో ఒక రోజు. పొద్దెక్కాక మబ్బు పట్టింది, గాలి లేదు. ఉక్కకు పెట్టె బాగా వేడెక్కుతోందని మా బిడ్డ దాని పక్క రేకు విప్పింది. టేబుల్ ఫ్యాను గాలి లోపలికి తగిలేలా పెట్టెను గోడ వైపు తిప్పి జరిపింది. కర్రుమని చప్పుడైంది. నేను వంటింట్లో నుంచి విన్నాను. బండ మీద ఇనుము గీసుకుపోయిన చప్పుడు అనుకున్నాను. గోడ బోర్డు నుంచి పెట్టెకు కరెంటు తెచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగ పెట్టె అంచు కింద పడి నలిగిన సంగతి మర్నాడు తెలిసింది.

అదే రోజు గ్యాసు అయిపోయింది. వసారాలో ఇటుకల పొయ్యి పెట్టి కట్టెలు వేశాను. జొన్నరొట్టె చేయాలంటే కింద కూర్చోవాలి. కూర్చోవాలంటే పీట కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే పీట. వెళ్లి ఆ గదిలో నుంచి తెచ్చుకున్నాను.

నాలుగో రొట్టె కాలుతుండగా చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో కందులు ఎండబోసి ఉన్నాయి. అత్తమ్మ ఉరికింది. అవును, ఉరికింది. చాప అంచులు కలిపి కందులు లోపలికి లాక్కొచ్చింది. పాదాలు తడిసి, కొంగు తడిసి, గసపోసుకుంటూ నా ముందు నిలబడింది.

"పీట ఏది పిల్లా?"

"నా కింద ఉన్నది అత్తమ్మా. జర ఆగు. ఇంక రెండు రొట్టెలే."

"నువ్వు ఆగమంటే ఆగుత గని, నా మోకాళ్లు ఆగుతయా? ఉరికితిని గద, అప్పుడే పట్టుకున్నయ్."

"పట్టుకుంటే పట్టుకున్నయ్, రొట్టె తిని పో."

"నీ రొట్టెతోటి పోతదా నొప్పి?" అని నవ్వుతూ లోపలికి పోయింది. బండల మీద ఆమె తడి అడుగులు ఒకదాని వెంట ఒకటి గది దాకా వెళ్లడం చూశాను. చూసి పిండి వైపు తిరిగాను.

అయిదో రొట్టె పెనం మీద వేశాను. నీళ్లు అద్దాను. గదిలో నుంచి పంకా చప్పుడు వస్తోంది. మా బిడ్డ మీటలు టకటక కొడుతోంది. ఆట నడుస్తుంటే అత్తమ్మ ఊరుకోదని చెప్పాను కదా. "ఎడమకు తిప్పు, వాణ్ణి దాటు, బ్రేకెయ్" అంటూనే ఉంటుంది, మనవరాలికి వినపడకపోయినా. ఆ రోజు ఆ మాట రావడం లేదు. కొంచెం సేపు చూశాను. రాలేదు. రొట్టె అంచు మాడుతున్న వాసన వచ్చింది. తిప్పలేదు. లేచాను.

అత్తమ్మ బండ మీద కూర్చుని ఉంది. తడి పాదాలు రెండూ బండకు ఆని ఉన్నాయి. మోకాలు పెట్టెకు అంటుకుపోయింది. మొహం తలుపు వైపు, అంటే నా వైపు తిరిగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నోరూ తెరిచే ఉంది. చిన్న చప్పుడు కూడా లేదు. జల్లెడ పట్టినప్పుడు పిండి వణికినట్టు ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. ఆమెకు మూరెడు దూరంలో, ప్లాస్టిక్ కుర్చీలో వీపు ఇటు తిప్పి మా బిడ్డ ఆడుతోంది. తెర మీద కారు మలుపు తర్వాత మలుపు దాటిపోతోంది. ఎక్కడా ఆగడం లేదు.

నేను చేయి చాపాను. పిండి అంటిన తడి చేయి. అత్తమ్మ కళ్లు నన్నే చూస్తున్నాయి. వద్దన్నాయని నేను చెప్పలేను, ఆమెకు అంత తెలివి అప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. కానీ ఆ చూపుకు నా చేయి ఆగింది. వెనక్కి ఉరికి పొయ్యి దగ్గరి పీట ఎత్తుకొచ్చాను. నేను కూర్చున్న వెచ్చదనం దానికింకా ఉంది. దాన్ని అడ్డంగా పట్టుకుని ఆమె మోకాలిని పెట్టె నుంచి బలంగా నెట్టాను. కందుల మూట దొర్లినట్టు పక్కకు ఒరిగిపోయింది.

అప్పుడు అరిచాను. మా బిడ్డకు హెడ్‌ఫోన్లలో కూడా ఆ అరుపు వినపడింది. తిరిగి చూసి, లేచి, గోడ స్విచ్చు ఆపేసింది. నీలం వెలుగు పోయింది.

దవాఖానకు తీసుకుపోయేసరికి అత్తమ్మకు స్పృహ వచ్చింది. మోకాలి పక్కన నల్లగా రేగుపండంత మచ్చ, పాదం కింద ఇంకొకటి. డాక్టరమ్మ అంతా అడిగి తెలుసుకుని నా చేతుల వైపు చూసింది. పిండి ఎండిపోయి ఉంది. "ఆ చెయ్యి పెట్టి ఉంటే ఇద్దర్ని తెచ్చేవాళ్లమ్మా" అంది. నేను ఆ చేతులను కొంగులో దాచుకున్నాను. ఇంటికొచ్చాక కూడా చాలా సేపు కడుక్కోలేదు.

మర్నాడు కబురు పంపితే భాయ్ టెస్టరు పట్టుకుని వచ్చాడు. నలిగిన తీగను చూపించాడు. లోపలి రాగి బయటపడి పెట్టె అంచుకు తగిలింది. తర్వాత గోడ బోర్డు మరలు విప్పి పలక కిందికి వంచాడు.

"అక్కా, ఇటు చూడు."

చూశాను. రెండు చిన్న బొక్కల వెనకాల రెండు తీగలు ఉన్నాయి. పెద్ద బొక్క వెనకాల సాలీడు గూడు ఉంది. అంతే.

"బొక్క ఉన్నది గని, దాని ఎనుక తీగ లేదు. ఆ తీగ ఉంటే ఫ్యూజు అప్పుడే పొయ్యేది. గీ పెట్టె ముట్టినా ఏం కాకపొయ్యేది. ఇన్ని దినాలు జిల్లుమన్నది కూడ అందుకే. నేను అడిగిన గదక్కా?"

"అడిగినవ్ భాయ్. మూడు బొక్కలున్నయని చెప్పిన."

ఆ పొద్దునే దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన అత్తమ్మ గొంతు మంచం మీద నుంచి వచ్చింది. ఇద్దరం తిరిగాం.

"ఆ తీగ యాడున్నదో నాకెర్క. వాకిట్ల ఉన్నది."

మాకు అర్థం కాలేదు. ఆమె కిటికీలో నుంచి జామచెట్టు వైపు చెయ్యి చూపించింది. పచ్చ తీగ. దాని మీద నా చీర, ఆమె తువ్వాల, మా బిడ్డ ఓణీ వానలో తడుస్తున్నాయి.

"ఇల్లు కట్టినప్పుడు కరెంటాయన మూడు తీగలు తెచ్చిండు. ఎర్రది తెస్తదమ్మా, నల్లది తీస్కపోతది అన్నడు. మరి పచ్చదో అని అడిగిన. దాంట్ల ఏం రాదు, పాణం మీదికొచ్చిన నాడే పనికొస్తది అన్నడు. ఏం రాని తీగ గోడల దాసిపెట్టి ఏం జేసుకోవాలె? మీ మామ అంగీలు ఆరేసుకోనీకి తాడు లేకుండె. అది నాకిచ్చెయ్ అన్న. ఇచ్చి పొయ్యిండు."

భాయ్ టెస్టరును జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఆదివారం మా ఆయన జామచెట్టు పక్కన నిలువెత్తు గుంత తవ్వాడు. అందులో ఇనుప పైపు నిలబెట్టి, ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోసి పూడ్చాం. భాయ్ పిలుచుకొచ్చిన కరెంటాయన అక్కడి నుంచి బోర్డు దాకా కొత్త పచ్చ తీగ లాగాడు. పాతది పనికిరాదన్నాడు, ఎండకు పగిలిపోయిందట. అత్తమ్మ తానే దండెం విప్పి, చుట్ట చుట్టి, బోర్డు పైన మేకుకు తగిలించింది. తీయనివ్వదు.

పెట్టె ఇప్పుడు జిల్లుమనదు. ఆట అంతే జోరుగా నడుస్తుంది, కానీ మా బిడ్డ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానేసింది. ఆడుతూ ఆడుతూ మధ్యలో తిరిగి నానమ్మ వైపు చూస్తుంది. పిల్లి మాత్రం ఇంకా గడప అవతలే. అత్తమ్మ మోకాళ్లు మళ్లీ పట్టేశాయి. ఎడమ చెయ్యి సన్నగా వణుకుతుంది, సూదిలో దారం నేను ఎక్కించాలి. రోజూ పొద్దున ఆ చేతితోనే చెంబు పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి ఆ పైపు మొదట్లో నీళ్లు పోస్తుంది. భూమి తడిగా ఉంటేనే తీగ పనిచేస్తుందని కరెంటాయన చెప్పాడు. చెంబులో నీళ్లు సగం దారిలోనే ఒలికిపోతాయి. మిగతా సగం మట్టిలోకి ఇంకేదాకా ఆమె అక్కడే నిలబడి చూస్తుంది. నేను వసారాలో నుంచి ఆమెను చూస్తాను.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంటి బోర్డులో ప్రతి బొక్క వెనకాల ఉండాల్సింది ఉండాలి. మీ గోడలో పచ్చ తీగ చల్లగా భూమిని పట్టుకుని ఉండాలి, దానితో మీకు ఒక్కనాడూ పని పడకుండా ఉండాలి. మీ ఇంటి పెద్దల మాట గదిలో నుంచి ఆగకుండా వినపడుతూనే ఉండాలి. మీరు చల్లగా ఉండాలి.